మే నెలలో హైదరాబాద్ నుంచి అమలాపురానికి కారులో ఇద్దరు చిన్నపిల్లలతో: ఎన్నింటికి బయల్దేరాలి, ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: నిజాంపేట_కోడలు

మే మూడో వారంలో మా అత్తగారి ఊరికి కారులో వెళ్తున్నాం. అమలాపురం పక్కనే. పది రోజులు ఉంటాం. మధ్యలో రాజోలు, ముమ్మిడివరం వైపు చుట్టాల ఇళ్ళకూ వెళ్ళాలి. కారులో మా వారు, నేను, మా అత్తగారు, ఐదేళ్ళ బాబు (17 కిలోలు), 14 నెలల పాప (10 కిలోలు). బండి ఐదు సీట్లది, కొని ఆరేళ్ళయింది. నడిపేది మా వారొక్కరే.

రాత్రి 11కి బయల్దేరితే పిల్లలు నిద్రలోనే ఉంటారు, ఎండ తగలదు, తెల్లారేసరికి ఊళ్ళో ఉంటాం అని ఇంట్లో అంటున్నారు. నాకెందుకో ధైర్యం చాలట్లేదు. బాబుకి కారెక్కితే వాంతులు. పాపకి సీటు కొన్నాం కానీ ఎటువైపు పెట్టాలో తెలియట్లేదు. దారి, బండి, పిల్లల ఆరోగ్యం, తిండి, దేని గురించైనా తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

జవాబు: గోదారి_గట్టు

రాత్రి 11 ప్రయాణం మానుకోండి. పగలంతా మేలుకుని సామాన్లు సర్దిన మనిషికి రాత్రి 2 నుంచి 5 మధ్య కళ్ళు తెరిచే ఉన్నా ఒళ్ళు నిద్రపోతుంది. టీ తాగినా, కిటికీ దించినా ఆ నిద్ర ఆగదు. పైగా హైవే పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలు, డివైడర్ సందుల్లోంచి ఎదురొచ్చే బైకులు ఆ వేళలో కనపడవు. మార్చుకునే డ్రైవరు కూడా లేనప్పుడు రాత్రి బండి వద్దే వద్దు.

తెల్లవారుజామున 4కి కదలండి. ముందురోజు సాయంత్రం 6కల్లా డిక్కీ సర్దేసి, నడిపే ఆయన 9కి పడుకోవాలి. పిల్లల్ని లేపక్కర్లేదు. ప్రయాణం బట్టలు రాత్రే తొడిగి, డైపరు మార్చి, నిద్రలోనే సీట్లో పెట్టి బెల్టు బిగించండి.

నిజాంపేట నుంచి ఊరి మధ్యలోకి వెళ్ళకుండా ఔటర్ రింగు రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే నేరుగా 65వ నంబరు జాతీయ రహదారి. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి ఆరున్నర, ఏడు మధ్య సూర్యాపేట చేరతారు. పిల్లలు లేచే సమయమూ అదే. అక్కడ ముప్పావు గంట ఆగి టిఫిను, డైపరు, పరుగులు అన్నీ కానివ్వండి. కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ మీదుగా తొమ్మిదిన్నర ప్రాంతంలో విజయవాడ. హైదరాబాద్ నుంచి ఇది 275 కిలోమీటర్ల చిల్లర. మే నెలలో నందిగామ, ఇబ్రహీంపట్నం ముక్క మధ్యాహ్నం పూట నిప్పుల మీద నడకే, అందుకే పొద్దున్నే దాటేయాలి.

విజయవాడలో బెంజి సర్కిల్ వైపు పోకండి. గొల్లపూడి దగ్గర మొదలై చిన్న అవుటపల్లి దగ్గర తేలే పడమటి బైపాస్ ఆ రోజు మ్యాపులో దారి చూపిస్తే అదెక్కండి. లేదంటే ఇన్నర్ రింగు రోడ్డు పట్టుకుని రామవరప్పాడు రింగులో 16వ నంబరు హైవే కలపండి. ఏలూరు దాటాక ఎక్కడైనా నీడ చూసి రెండో ఆగుడు. తర్వాత తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి వంతెన, ఈతకోట టోల్, రావులపాలెం. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. రావులపాలెంలో హైవే దిగకుండా ముందుకు పోతే గౌతమి వంతెన ఎక్కి జొన్నాడలో తేలతారు. మీరు దిగి కొత్తపేట, అంబాజీపేట మీదుగా అమలాపురం వెళ్ళాలి. ఈ చివరి ముప్పై చిల్లర కిలోమీటర్లకు గంట పడుతుంది. రెండు వరసల రోడ్డు, కొబ్బరి లోడు ట్రాక్టర్లు, ఊరూరా స్పీడు బ్రేకర్లు. వాంతులయ్యే పిల్లలకు కష్టమైన ముక్క ఇదే. ఇక్కడ 40 దాటకండి.

శనివారం మాత్రం పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు శనివారాల మొక్కులవాళ్ళతో రావులపాలెం చుట్టుపక్కల రోడ్లు పొద్దున్నుంచే నిండిపోతాయి. మంగళ, బుధవారాలు హాయి.

మొత్తం 450 కిలోమీటర్ల పైచిలుకు. ఆగుళ్ళతో కలిపి తొమ్మిది, పది గంటలు పెట్టుకోండి. ఒంటిగంటకో రెండింటికో చేరతారు. భోజనం అక్కడే.

ఎండ ఎటు పడుతుందో కూడా చెప్తాను, సీట్ల అమరికకు పనికొస్తుంది. విజయవాడ దాకా మీరు తూర్పు, ఆగ్నేయంగా వెళ్తారు కాబట్టి పొద్దుటెండ ఎదురుగా, కాస్త ఎడమ పక్కన ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా డ్రైవరు కళ్ళలో పడుతుంది. ముందు అద్దం లోపలా బయటా రాత్రే తుడిచి పెట్టుకోండి, మసక అద్దం మీద పొద్దుటెండ పడితే ఏమీ కనపడదు. విజయవాడ తర్వాత దారి ఈశాన్యానికి తిరుగుతుంది, ఎండ కుడివైపుకు మారుతుంది. కాబట్టి రెండు కిటికీలకూ తీసి పెట్టుకునే జాలీ షేడ్లు కావాలి. నల్ల ఫిల్ము అంటించకండి, 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిషేధించింది.

జవాబు: టోల్‌గేటు

ఫాస్టాగ్ బ్యాలెన్సు ముందురోజే వేసుకోండి. మొదటి టోలు గేటు పంతంగి దగ్గరికొచ్చాక వేస్తే అప్పటికప్పుడు ఎక్కకపోవచ్చు. ట్యాగు పనిచేయకపోతే యూపీఐతో మామూలు టోలుకి ఒకటింపావు రెట్లు కట్టాలి. దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, పొట్టిపాడు, కలపర్రు, ఈతకోట ఇలా వరసగా తగులుతాయి.

పండక్కీ వేసవికీ ఊరెళ్ళేవాళ్ళు ఫాస్టాగ్ వార్షిక పాసు లెక్క వేసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఇస్తున్నారు, మొదలుపెట్టినప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అది. ఒక్కో టోలు గేటు ఒక దాటింపు, తిరుగు ప్రయాణంలో అదే గేటు ఇంకోటి. అంటే ఆ ధరకి గేటుకి 15 రూపాయలు పడింది. జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది, ఓఆర్ఆర్‌కి చెల్లదు.

హైవే మీద బండి ఆగిపోతే 1033కి చేయండి. కిలోమీటరు రాయి మీది నంబరు చెప్తే చాలు, తొందరగా వస్తారు.

జవాబు: ఉప్పల్_గ్యారేజి

ఆరేళ్ళ బండి అన్నారు కాబట్టి ముందు టైర్ల వయసు చూడండి. టైరు పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. బండితో వచ్చిన టైర్లే అయితే గాళ్ళు బాగున్నా ఈ వేసవికి మార్చేయండి. రబ్బరు ఎండకు గట్టిపడి లోపల పొరలు విడిపోతాయి, బయటికి తెలియదు. నిండు బరువుతో, మండే రోడ్డు మీద, గాలి తక్కువైనప్పుడు పేలేది అవే. గాలి ఎక్కువైతే పేలుతుందని వేసవిలో తగ్గించి కొట్టించుకునేవాళ్ళున్నారు, అది తప్పు. గాలి తక్కువైతే పక్క గోడ ఎక్కువ మడత పడుతుంది, ఆ మడతకే వేడెక్కుతుంది. డ్రైవరు డోరు పక్కన స్టిక్కరు మీద నిండు లోడుకి ఎంత రాశారో అంత, చల్లటి టైరుకి కొట్టించండి. మధ్యదారిలో చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది వేడికి పెరిగింది, తీసేయకండి. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్ డిక్కీ అడుగున ఉంటాయి కదా, సామాను సర్దకముందే చూసుకోవాలి.

బయల్దేరడానికి వారం ముందు గ్యారేజిలో చేయించాల్సినవి: కూలెంట్ రంగు, మట్టం. హోసు పైపులు నొక్కి చూడటం. ఫ్యాన్ బెల్టు. బ్యాటరీ టెస్టు. బ్యాటరీ మూడు నాలుగేళ్ళు దాటితే వేసవిలోనే చస్తుంది, చలికాలంలో కాదు. ఏసీ కేబిన్ ఫిల్టరు మార్చి, ముందు కండెన్సర్‌ని మెల్లగా నీళ్ళతో కడిగిస్తే చాలా బళ్ళలో కూలింగ్ అదే వస్తుంది. గ్యాసు నింపాలని ఎవరైనా అంటే ముందు లీకు ఎక్కడో చూపించమనండి. వారం ముందు ఎందుకంటే, చేసిన పనిలో తేడా ఉంటే ఊళ్ళో తిరిగేటప్పుడే బయటపడాలి.

ఎండలో ఆపిన కారు ఎక్కేటప్పుడు నాలుగు తలుపులూ కాసేపు తీసి ఉంచి, మళ్ళీ మూసి, ఇంజను వేసి, కిటికీలు దించి ఒక నిమిషం నడపండి. వేడి గాలి బయటికి పోయాకే అద్దాలు ఎత్తి లోపలి గాలి తిరిగే బటన్ నొక్కాలి. అలాగని ఆ బటన్ మీదే గంటల తరబడి వదిలేయొద్దు. ఐదుగురి ఊపిరితో లోపల గాలి బరువెక్కి డ్రైవరుకి మత్తు వస్తుంది. అరగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలికి మార్చండి.

వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు ఫుల్లు పెట్టి, పక్కకి తీసి ఇంజను ఆపండి. పిల్లల్ని దించి నీడకు పంపండి. అరగంట దాకా మూత ముట్టుకోవద్దు, వేడి మీద తీస్తే మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి. చల్లారాక ట్యాంకులో మట్టం చూసి కూలెంట్ పోయండి. రెండోసారి కూడా వేడెక్కితే ఇక నడపకండి, టో బండి పిలవండి. అలాగే నడిపితే ఇంజను హెడ్డు వంగిపోతుంది.

జవాబు: పిల్లల_డాక్టర్_నల్గొండ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మీ ప్రయాణం దానికి కాస్త ముందు, తిరుగు ప్రయాణం దాదాపు దాంట్లోనే. కాబట్టి ముందు వేడి గురించి.

ఆగిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలకండి. కిటికీ కొంచెం దించినా లాభం లేదు. బయట 40 ఉంటే పావుగంటలోపే లోపల 50కి చేరువవుతుంది. పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. టోలు దగ్గర, టీ కొట్టు దగ్గర ‘పాప నిద్రపోతోంది, లేపడమెందుకు’ అనిపిస్తుంది. ఒకరు పాపతో, ఏసీ నడుస్తున్న కారులో ఉండాలి, లేదా పాపని దించాలి.

ఏసీ 24 నుంచి 26 మధ్య చాలు. గాలి పాప ముఖానికి నేరుగా తగలకూడదు. ఆగడానికి ఐదు నిమిషాల ముందు 28కి పెంచితే, బయటి ఎండలో దిగగానే ఒళ్ళు ఉలిక్కిపడదు.

నీళ్ళు అడిగేదాకా ఆగొద్దు. ఇద్దరికీ అరగంటకోసారి నాలుగు గుక్కలు. పాప తల్లిపాలు తాగుతుంటే ఆగినచోట ఎక్కువసార్లు ఇవ్వండి. నడుస్తున్న కారులో సీట్లోంచి తీసి మాత్రం ఇవ్వకండి. ఆరు గంటలు డైపరు తడవకపోతే, నోరు ఎండి, ఏడిస్తే కన్నీరు రాకపోతే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళండి. దారిలో పెద్దాసుపత్రులు సూర్యాపేట, విజయవాడ, ఏలూరులో ఉన్నాయి. అమలాపురంలో ఏరియా ఆసుపత్రి ఉంది.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంటి దగ్గరే కొనండి. పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములది లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, చిన్నది 4.2 గ్రాములది 200 మిల్లీలీటర్లలో. సగం ప్యాకెట్ గ్లాసు నీళ్ళలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనమైన ప్రతిసారీ పాపకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, బాబుకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున. కిరాణా కొట్లో డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. వాటి మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి.

జ్వరం సిరప్ విషయంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఊళ్ళోనే. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి దొరుకుతాయి. ఇంటి దగ్గర వాడేది ఒకటి, అక్కడ మందుల షాపులో ఇచ్చేది ఇంకొకటి అయితే మోతాదు రెట్టింపవుతుంది. లెక్క కిలోకి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పాపకి 150, అంటే 120 సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 అయితే 3. పదిహేడు కిలోల బాబుకి 120ది పదిన్నర, 250ది 5. ఆరు గంటల తేడాతో, రోజుకి నాలుగుసార్లకు మించకుండా. మీ డాక్టరుతో ఓసారి సరిచూసుకుని సీసా మీద పెన్నుతో రాసి పెట్టండి, మీరు పక్కన లేనప్పుడు వేసేది నానమ్మో పెద్దమ్మో కావచ్చు. సీసాని డాష్‌బోర్డులో పెట్టకండి.

ఎండలో తిరిగాక ఒళ్ళు కాలిపోతూ పిల్లవాడు మత్తుగా, పిలిస్తే సరిగ్గా పలకకుండా ఉంటే అది మామూలు జ్వరం కాదు, వడదెబ్బ. పారాసిటమాల్‌తో దిగదు. 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, బట్టలు విప్పి ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు. మత్తులో ఉన్నప్పుడు నోట్లో ఏమీ పోయొద్దు.

నిజాంపేట_కోడలు

అందరికీ చాలా థాంక్సండి. 4 గంటలకే ఖాయం చేశాం, మంగళవారం. సీట్ల సంగతి ఎవరైనా చెప్తారా? పాపని వెనక్కి తిప్పి కూర్చోబెడితే ఏడుస్తుంది, కాళ్ళు మడతపడుతున్నాయని మా అత్తగారు బాధపడుతున్నారు. ఒళ్ళో పెట్టుకుంటే సరిపోదా అంటున్నారు. బాబుకి దారిలో తినడానికి ఏం పెట్టాలి?

జవాబు: బెల్టు_బిగించు

ముందు అత్తగారి మాట. ఒళ్ళో పాప ఉండగా 60 వేగంలో గట్టిగా గుద్దుకుంటే పది కిలోల పాపని పట్టుకోవడం ఏ చేతుల వల్లా కాదు. పెద్దవాళ్ళకు ప్రేమ తక్కువై కాదు, ఆ బలం మనిషికి లేదు. చట్టం కూడా అదే చెప్తుంది. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా.

వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం ఎందుకంటే, ఈ వయసులో తల బరువెక్కువ, మెడ లేత. ముందు నుంచి గుద్దినప్పుడు తల, మెడ, వీపు మొత్తం సీటు వీపుకు ఆనుకుని దెబ్బ పంచుకుంటాయి. ముందుకు తిరిగి ఉంటే ఒళ్ళు బెల్టు దగ్గర ఆగుతుంది, తల ఆగదు. పిల్లల కారు సీట్ల అంతర్జాతీయ ప్రమాణం ఆర్129 కూడా 15 నెలలు దాటేదాకా వెనక్కే అంటుంది. సీటు అనుమతించినంత కాలం అలాగే ఉంచడం ఇంకా మంచిది. కాళ్ళు మడతపడటం వల్ల నష్టం లేదు, పిల్లలు నేల మీద కూర్చున్నా అలాగే మడుస్తారు.

సీటు మీద ఆర్129 లేదా ఆర్44/04 అన్న నారింజ రంగు స్టిక్కరు ఉండాలి. మన దేశపు గుర్తు ఏఐఎస్ 072.

అమరిక ఇలా పెట్టండి. పాప సీటు వెనక ఎడమవైపు. ఫుట్‌పాత్ వైపు తలుపు కాబట్టి ఎక్కించడం దించడం రోడ్డు మీద నిలబడకుండా అవుతుంది. బాబు కుడివైపు, మీరు మధ్యలో, అత్తగారు ముందు. పిల్లల సీట్లు ఒక్కోటి 44, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. మీకు మధ్యలో 40 అయినా మిగలకపోతే పది గంటలు కూర్చోలేరు, అందుకని వారం ముందే రెండూ బిగించి కూర్చుని చూడండి. వెనక్కి తిరిగిన సీటుకి ముందు సీటు కొంచెం జరపాల్సి వస్తుంది, అత్తగారి మోకాళ్ళకు చోటుందా లేదా అప్పుడే తెలుస్తుంది. పాపని మాత్రం ఎప్పుడూ ముందు సీట్లో పెట్టొద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా సీటు వీపుకే కొడుతుంది.

బిగించాక బెల్టు వెళ్ళే చోట పట్టుకుని అటూ ఇటూ లాగండి. రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు. బెల్టుతో కట్టే సీటయితే మోకాలుతో కూర్చునే భాగం నొక్కి పట్టి బెల్టు లాగాలి. పాప భుజం పట్టీలు భుజానికి సమానంగా గానీ కాస్త కిందుగా గానీ రావాలి, బాబువి సమానంగా లేదా కాస్త పైన. భుజం దగ్గర పట్టీని వేళ్ళతో మడిచి పట్టుకుంటే దొరక్కూడదు, దొరికితే వదులుగా ఉన్నట్టు. వీపు వెనక తువ్వాలు, దిండు, బొంత ఏమీ పెట్టొద్దు.

బాబు 17 కిలోలు కాబట్టి అతని సీటు 18 కిలోల దాకా మోసేదైతే ఐదు పట్టీల మీదే ఉంచండి. బూస్టరుకి (ఎత్తు మీద కూర్చోబెట్టి కారు బెల్టే కట్టే సీటుకి) అప్పుడే మార్చకండి. నిద్రలో ఒరిగిపోతే బెల్టు మెడ మీదికి వస్తుంది.

ఎండలో ఆపి వచ్చాక సీటు బకిల్స్ ఇనుము కాలుతుంది. ఆపినప్పుడు సీటు మీద తెల్ల దుప్పటి కప్పండి, కూర్చోబెట్టేముందు మీ చెయ్యి పెట్టి చూడండి. పైన చెప్పిన రెండు ఆగుళ్ళే చాలవు, రెండు గంటలకోసారి పాపని సీట్లోంచి తీసి నేల మీద పావుగంట వదలాలి.

జవాబు: దద్దోజనం

వాంతులయ్యే పిల్లాడికి ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. 4కి నిద్రలోనే ఉంటాడు కాబట్టి ఏమీ పెట్టకండి, పాలు అస్సలొద్దు. సూర్యాపేటలో రెండు ఇడ్లీలు, కొద్దిగా పంచదారతోనో నెయ్యి లేని పొడితోనో. పెసరట్టు, పూరి, వడ మరోరోజు. తిన్నాక అరగంట ఆగి బండి ఎక్కితే సగం వాంతులు తప్పుతాయి. ఫోను, బొమ్మల పుస్తకం ఇవ్వకండి. కళ్ళు కదలట్లేదంటాయి, చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, ఆ తేడాకే కడుపు తిప్పుతుంది. ముందు అద్దంలోంచి దూరంగా చూసే ఆటలు ఆడించండి, లారీల రంగులు లెక్కపెట్టడం లాంటివి. ముఖం పాలిపోయి, ఆవలిస్తూ, ఉమ్ము మింగుతుంటే ఇంకో ఐదు నిమిషాల్లో వాంతి. అప్పుడే పక్కకి ఆపాలి. మాత్రలు కావాలంటే డాక్టరునడిగి మాత్రమే.

మందపాటి కవర్లు, తడిగుడ్డలు, ఒక జత బట్టలు, పాత తువ్వాలు మీ కాళ్ళ దగ్గర సంచిలో ఉండాలి, డిక్కీలో కాదు. సీటు పట్టీల మీద పడితే తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. సబ్బు పౌడరులో నానబెట్టి ఉతికితే దారాల బలం తగ్గుతుంది. గుడ్డ తొడుగు మాత్రం తీసి ఉతకొచ్చు. వాసనకి వంటసోడా చల్లి ఊళ్ళో దులిపేయండి.

పదకొండింటికి ఆకలేస్తుంది. పెరుగన్నం పట్టుకెళ్తే ఈ ఎండకి పులిసిపోతుంది కాబట్టి పాలతో చేయండి. మెత్తగా వండిన అన్నం కప్పు వేడి మీదే మెదిపి, కాచి చల్లార్చిన పాలు కప్పు, గోరువెచ్చగా ఉన్నప్పుడు పెరుగు చెంచా, ఉప్పు. తెల్లవారుజామున 3న్నరకు కలిపితే ఆ వేడికి పదింటికల్లా కమ్మగా తోడుకుంటుంది. పోపు వద్దు. పాపకి కూడా ఇదే. పెద్దవాళ్ళకి పులిహోర, చింతపండు పులుపుకి సాయంత్రం దాకా ఆగుతుంది, కొబ్బరి చట్నీ మాత్రం వెంట వద్దు. రెండు లీటర్ల సీసాలు రెండు ముందురోజు గడ్డకట్టించి ఐసు పెట్టెలో పెడితే మిగతావి చల్లగా ఉంటాయి, కరిగాక అవే తాగొచ్చు.

పల్లీలు, శనగలు, జంతికలు, నిండు ద్రాక్షపళ్ళు కదిలే కారులో ఇద్దరికీ ఇవ్వకండి. గొంతుకి అడ్డం పడితే వెనక్కి తిరిగి చూసేసరికి ఆలస్యమవుతుంది. అరటిపండు, మరమరాలు, సున్నుండ పొడి పొడిగా చిదిపి, చాలు. పాపకి మరమరాలు కూడా వద్దు.

జవాబు: కోనసీమ_పెరడు

అండీ, దారి అందరూ చెప్పారు, నేను ఊరి సంగతి చెప్తాను. పిల్లలకు అసలు జాగ్రత్త కావాల్సింది చేరాకే.

మొదటిది కారు. వాకిట్లో ఆపిన కారులో పిన్ని పిల్లలు, పెద్దనాన్న పిల్లలు అందరూ దూరి ఆడుకుంటారు. తలుపు పడి లాకయితే, పెద్దవాళ్ళు మధ్యాహ్నం కునుకులో ఉంటే, ఇంక చెప్పక్కర్లేదు. తాళం పిల్లలకు అందని మేకుకి తగిలించండి, డిక్కీతో సహా లాకు చేసి రెండుసార్లు లాగి చూడండి. పిల్లాడు కనపడకపోతే ముందు చూడాల్సినవి కారు, నీళ్ళు. ఆ తర్వాతే వీధి.

నీళ్ళంటే, వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు కాబట్టి భయం లేదనుకుంటారు. కట్టేసినా గుంటల్లో మోకాలి లోతు నిలిచే ఉంటాయి, పైన నాచు. చేల పక్క బోదెలు, పెరట్లో నుయ్యి, నీళ్ళు పట్టిన గాబు కూడా అంతే. నూతికి జాలీ ఉందో లేదో వెళ్ళిన రోజే చూడండి. రొయ్యల చెరువుల గట్ల మీదికి పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. గట్టు జారుతుంది, ఏరియేటర్లకు కరెంటు తీగలు నేల మీదే పోతుంటాయి. ‘అందరం చూస్తున్నాం’ అంటే ఎవరూ చూడట్లేదని లెక్క. పదిమంది పెద్దలున్న ఇంట్లో గంటకొకరి చొప్పున పేరు పెట్టి అప్పజెప్పండి.

కొబ్బరి చెట్ల కింద నీడ బాగుంటుంది కానీ మంచం అక్కడ వేయకండి. ఎండు మట్టలు, కాయలు గాలి లేకపోయినా పడతాయి. వేప, మామిడి కింద వేసుకోండి.

మే నెల కదా, ఆవకాయ పెట్టే రోజులు. కారం, ఆవపిండి కలిపేటప్పుడు పిల్లల్ని వీధి అరుగు మీదికి పంపేయాలి. ఆవపిండి కంట్లో పడితే ధారగా నీళ్ళు పోస్తూ పావుగంట కడగాలి, నలపకూడదు.

కరెంటు పోతుంది, దోమలు ఉంటాయి. మడత పెట్టుకునే దోమతెర ఒకటి పాపకి తెచ్చుకోండి. చార్జింగు ఫ్యాను కూడా. నీళ్ళు కాచి చల్లార్చినవే. తాటి ముంజలు పాపకి పై పొర పూర్తిగా తీసి, చిదిపి రెండు చెంచాలు. ముదిరినవి అరగవు, వద్దు.

చుట్టాల ఇళ్ళు రోజుకొకటే పెట్టుకోండి. పొద్దున్న 7కి వెళ్ళి 10కల్లా వచ్చేయడం, లేదా సాయంత్రం 5 తర్వాత. రాజోలు, ముమ్మిడివరం ఒకే రోజు కుదర్చకండి, ఒకటి అమలాపురానికి పడమర, ఒకటి తూర్పు. ప్రతి ఇంట్లోనూ భోంచేయకపోతే నొచ్చుకుంటారు, ‘పిల్లలకు వేళకి పెట్టాలి వదినా, మేము కాఫీ తాగుతాం’ అని ముందే ఫోనులో చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఈ మాట మీరు కాకుండా మీ అత్తగారు చెప్తే ఇంకా బాగుంటుంది.

తిరుగు ప్రయాణం కూడా 4కే. విజయవాడ పదకొండు దాటకుండా చూసుకోండి, లేదంటే నందిగామ ఎండలో పడతారు. ఆలస్యమైతే విజయవాడలో ఆగిపోయి మర్నాడు తెల్లవారుజామున వెళ్ళడం మేలు. సాయంత్రం వెళ్దామంటే పడమటెండ నేరుగా డ్రైవరు కళ్ళలోకి.

బరువు సంగతి. వచ్చేటప్పుడు ఖాళీగా ఉన్న డిక్కీలోకి పోయేటప్పుడు కొబ్బరికాయలు, బియ్యం, మామిడిపళ్ళు, పచ్చడి జాడీలు అన్నీ ఎక్కుతాయి. ఇరవై కాయలకు మించి పెట్టనివ్వకండి. పెట్టినవి గోనెలో కట్టి డిక్కీ అడుగున, వెనక సీటు వీపుకి ఆనించి. వెనక అద్దం దగ్గర అర మీద ఒక్క కాయ కూడా వద్దు, బ్రేకు కొడితే పిల్లల తల మీదికే. మామిడిపళ్ళు దోరగా ఉన్నవి గడ్డి వేసిన అట్టపెట్టెలో, పెట్టెకి పక్కల కన్నాలు పెట్టి.

ఆవకాయ పెట్టిన మూడోరోజు తిరగగలిపి, నూనె పైకి తేలాకే ప్రయాణం కట్టండి. జాడీ ముప్పావు వంతే నింపి, మూత మీద పాలిథిన్ కవరు, దాని మీద గుడ్డతో వాసెన కట్టి, బకెట్టులో నిలబెట్టి చుట్టూ పాత బట్టలు కుక్కండి. నిండుగా నింపిన జాడీ కొత్తపేట దాటకుండానే నూనె కక్కుతుంది.